ఉల్కాశిల అంతరిక్షంలో ఎన్నేళ్లు తిరిగిందో లెక్కగట్టడం ఎలా: విశ్వకిరణ వయస్సుకు సమగ్ర మార్గదర్శి

ఒక ఉల్కాశిల వయస్సు దాదాపు 456 కోట్ల సంవత్సరాలని ఒకచోట చదివి, అదే రాయి అంతరిక్షంలో 80 లక్షల సంవత్సరాలు మాత్రమే తిరిగిందని మరోచోట చదివిన పాఠకులు, ఈ రెండు మాటలూ ఎలా పొసగుతాయని తరచుగా అడుగుతున్నారు. రెండూ నిజమే. మొదటిది రాయి ఏర్పడిన కాలం. రెండవది ఆ రాయి తన మాతృ గ్రహశకలం నుంచి విడిపోయి, చిన్న ముక్కగా సూర్యుని చుట్టూ తిరిగిన కాలం. విశ్వకిరణ వయస్సు అనే ఈ రెండవ కాలాన్ని, విశ్వకిరణాలు (అంతరిక్షంలో అతివేగంగా దూసుకువచ్చే కణాలు) రాయిలో మిగిల్చిన ఆనవాళ్ల నుంచి ఎలా రాబట్టాలో, ఏ పని తర్వాత ఏ పని చేయాలో, ఎక్కడ తప్పటడుగు పడుతుందో ఇక్కడ వివరిస్తున్నాను.

కొలతలకు ప్రయోగశాల కావాలి. లెక్కకు మాత్రం కాగితం, కలం చాలు. ప్రచురితమైన కొలతలు చేతిలో ఉన్నవారు ఐదవ దశ నుంచి స్వయంగా చేసి చూడవచ్చు.

1. గడియారం ఎక్కడ మొదలవుతుందో స్పష్టం చేసుకోండి

పాలపుంతలో తిరిగే విశ్వకిరణాలలో అధికభాగం ప్రోటాన్లు. తర్వాతి స్థానం హీలియం కేంద్రకాలది. భారమైన కేంద్రకాలు సుమారు ఒక శాతమే ఉంటాయి. ఇవి రాతిలోని మెగ్నీషియం, సిలికాన్, ఇనుము వంటి మూలకాల కేంద్రకాలను ఢీకొని పగలగొడతాయి. ఆ పగుళ్లలో న్యూట్రాన్ల వంటి ద్వితీయ కణాలు పుట్టి, అవి మరికొన్ని కేంద్రకాలను పగలగొడతాయి. చివరికి అంతకుముందు ఆ రాతిలో దాదాపు లేని ఐసోటోపులు (ఒకే మూలకానికి చెందినా ద్రవ్యరాశి వేరైన పరమాణువులు) అతి స్వల్ప పరిమాణంలో పోగుపడతాయి.

ఈ కిరణాల ప్రభావం రాతిలో మీటరు లోతు దాటితే బాగా సన్నగిల్లుతుంది. కిలోమీటర్ల వ్యాసం గల గ్రహశకలం గర్భంలో ఉన్నంతకాలం రాయికి విశ్వకిరణాల తాకిడి దాదాపు ఉండదు. ఏదో ఒక ఢీకొట్టులో మీటరు పరిమాణపు ముక్కగా బయటపడిన నాడే గడియారం నడవడం మొదలవుతుంది. భూమి మీద పడగానే వాతావరణం అడ్డు నిలుస్తుంది కనుక అది ఆగిపోతుంది.

కాబట్టి మనం కొలిచేది రాయి ఏర్పడిన కాలాన్ని కాదు, ప్రయాణ దూరాన్నీ కాదు. రాయి ఉపరితలానికి మీటరు లోపు ఉండి కిరణాలకు గురైన మొత్తం కాలాన్నే కొలుస్తున్నాం. ఈ తేడాను కాగితం పైభాగాన రాసి పెట్టుకోండి. చివరలో ఫలితాన్ని వ్యాఖ్యానించేటప్పుడు జరిగే తప్పులలో సగం దీన్ని మరచిపోవడం వల్లనే వస్తాయి.

2. కొలతకు ముందు రాయి గురించి సేకరించవలసిన వివరాలు

కొలత యంత్రం దగ్గరకు వెళ్లాక ఈ వివరాల కోసం వెతుక్కోవడం ఆలస్యం అవుతుంది. ముందే సిద్ధం చేసుకోవలసినవి ఇవి:

- రాయి వర్గం: సాధారణ కాండ్రైట్ (కాండ్రూల్స్ అనే గుండ్రటి రేణువులున్న రాతి ఉల్క) అయితే హెచ్, ఎల్, ఎల్‌ఎల్ వర్గాలలో (ఇనుము ఎక్కువ నుంచి తక్కువ క్రమంలో) ఏది, లేదా యూక్రైట్ (గట్టిపడిన లావా వంటి రాయి), ఇనుప ఉల్క, కార్బనేషియస్ (కార్బన్ ఎక్కువగల) కాండ్రైట్ వంటిదా.
- రసాయనిక కూర్పు: మెగ్నీషియం, అల్యూమినియం, సిలికాన్, కాల్షియం, ఇనుము, నికెల్ శాతాలు.
- పడటం చూసిన రాయా, తర్వాత ఎప్పుడో దొరికిన రాయా. చూసినదైతే పడిన తేదీ.
- దొరికిన ముక్కలన్నిటి మొత్తం బరువు.
- తుప్పు, నెర్రెలు, ముదురు–లేత రంగు భాగాల కలయిక ఉన్నాయా అన్నది.
- కోసే ముక్క, కాలిన పైపొర నుంచి ఎన్ని సెంటీమీటర్ల లోపల ఉందన్నది.

చూస్తుండగా పడిన రాయి చేతికి వస్తే ఒక పని అత్యవసరం. విశ్వకిరణాలు పుట్టించే సోడియం-22 అర్ధాయువు (సగం క్షీణించడానికి పట్టే కాలం) 2.6 సంవత్సరాలు, మాంగనీస్-54 అర్ధాయువు సుమారు 312 రోజులు. ఇవి రోజురోజుకూ తరిగిపోతాయి. రాయిని కోయకుండా, యథాతథంగా జర్మేనియం గామా డిటెక్టర్ మీద పెట్టి వీలైనంత త్వరగా లెక్కించాలి. కోసిన తర్వాత అయినా విశ్వకిరణాలు పుట్టించిన నియాన్ వాయువు అలాగే ఉంటుంది, కానీ పోయిన సోడియం-22 తిరిగి రాదు.

3. నమూనా కోయడం

జడవాయువుల (హీలియం, నియాన్, ఆర్గాన్) కొలతకు సాధారణంగా 50 నుంచి 150 మిల్లీగ్రాముల ముక్క సరిపోతుంది. అంటే చిటికెన వేలి గోటి మీద నిలిచేంత ముక్క. పరిమాణం చిన్నది కావడం వల్లనే ఎంపికలో జాగ్రత్త పెరగాలి.

కోసిన ముఖాన్ని భూతద్దం కింద చూడండి. అంచున మిల్లీమీటరు కంటే పలుచటి నల్లని గాజు పొర కనిపిస్తుంది. వాతావరణంలో కరిగి గడ్డకట్టిన పొర అది. ఆ వేడిలో వాయువులు తప్పించుకొని ఉంటాయి కనుక దాని నుంచి కనీసం కొన్ని మిల్లీమీటర్లు లోపలికి వెళ్లాలి. లోపల బూడిదరంగు నేలలో గుండ్రటి కాండ్రూల్స్, వాటి మధ్య వెండిలా మెరిసే లోహపు చుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్కల చుట్టూ ఎర్రటి మరక ఉంటే తుప్పు మొదలైందని అర్థం. మరక లేని చోటును ఎంచుకోండి.

ముదురు, లేత రంగు భాగాలు కలిసి ఉన్న రాయిలో లేత భాగాన్నే తీసుకోండి. ముదురు భాగం ఒకప్పుడు మాతృ గ్రహశకలపు పైమట్టిగా ఉండి సౌరపవనాన్ని (సూర్యుడి నుంచి వెలువడే కణ ప్రవాహాన్ని) పీల్చుకొని ఉండవచ్చు. ఆ వాయువు విశ్వకిరణాలు పుట్టించిన నియాన్‌ను పూర్తిగా కప్పివేస్తుంది.

ఒకే రాయి నుంచి పక్కపక్కనే రెండు ముక్కలు తీయండి. ఒకటి జడవాయువులకు, మరొకటి రేడియోధార్మిక ఐసోటోపులకు. రెండు వేర్వేరు మూలల నుంచి తీసిన ముక్కలపై చేసిన కొలతలను ఒకదానితో ఒకటి భాగించడం చాలా ప్రమాదకరం. రెండు చోట్లా కిరణాల తీవ్రత ఒకటిగా ఉండదు.

4. వాయువులను వెలికితీసి కొలవడం

ముక్కను తూచి, అల్యూమినియం రేకులో చుట్టి, శూన్య గదిలో ఉంచి, సుమారు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక రోజు వేడి చేస్తారు. ఉపరితలానికి అంటుకున్న గాలిని వదిలించడానికే ఈ పని. ఉష్ణోగ్రత ఎక్కువైతే హీలియం కూడా తప్పించుకుంటుంది కనుక ఇక్కడ తొందర పనికిరాదు.

తర్వాత కొలిమిలో 1,700 డిగ్రీలకు పైగా వేడి చేసి రాయిని పూర్తిగా కరిగిస్తారు. వెలువడిన వాయువులలో చురుకైన వాటిని వేడి టైటానియం, జిర్కోనియం లోహాలు పీల్చుకుంటాయి. ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచిన బొగ్గు ఆర్గాన్‌ను పట్టి ఉంచుతుంది. ముందు హీలియం, నియాన్. తర్వాత ఆర్గాన్ మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి వెళ్తాయి.

ఈ యంత్రం అయాన్లను ద్రవ్యరాశిని విద్యుదావేశంతో భాగించిన విలువ ప్రకారం వేరుచేస్తుంది. నియాన్ కొలతలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. రెండు ఎలక్ట్రాన్లు కోల్పోయిన ఆర్గాన్-40, యంత్రానికి సరిగ్గా నియాన్-20 స్థానంలో కనిపిస్తుంది. అదే విధంగా రెండు ఎలక్ట్రాన్లు కోల్పోయిన కార్బన్ డయాక్సైడ్ నియాన్-22 స్థానంలో కనిపిస్తుంది. కొలత సాగుతున్నంతసేపు 40, 44 ద్రవ్యరాశుల వద్ద కూడా సంకేతాన్ని చదివి, ఆ మేరకు తీసివేయాలి. నియాన్-22 విలువలో రెండు శాతం తప్పు వచ్చినా, ఆరవ దశలో ఉత్పత్తి రేటు దాదాపు పది శాతం మారిపోతుంది. అందుకే నేను ఏ కొలతల పట్టిక చూసినా ముందుగా ఈ సవరణ ఎంత ఉందో వెతుకుతాను.

ఈ దశ ముగిసేలోపు సరిచూసుకోవలసినవి:

- రాయి లేకుండా, ఖాళీ రేకుతో ఇదే పని చేసి వచ్చిన వాయువును కొలిచి తీసివేశారా.
- పరిమాణం తెలిసిన ప్రామాణిక వాయువుతో యంత్రాన్ని అదే రోజు సరిచూశారా.
- ఇంకా ఎక్కువ ఉష్ణోగ్రతలో మరోసారి వేడి చేసినప్పుడు కొత్తగా వాయువు రాలేదని నిర్ధారించుకున్నారా.

5. విశ్వకిరణ భాగాన్ని వేరుచేయడం

కొలిచిన నియాన్ అంతా విశ్వకిరణాలది కాదు. అందులో గాలి నియాన్, రాయి పుట్టుకతో వచ్చిన నియాన్ కలిసి ఉండవచ్చు. వీటిని నిష్పత్తుల ద్వారా వేరు చేస్తాం. గాలిలో నియాన్-20, నియాన్-22ల నిష్పత్తి 9.80. సౌరపవనంలో అది 13కు పైనే. విశ్వకిరణాలు పుట్టించిన నియాన్‌లో అది సుమారు 0.8 మాత్రమే. ఇంత దూరంలో ఉన్న సంఖ్యలు కనుకనే విభజన సులువవుతుంది.

అభ్యాసం కోసం ఒక ఎల్ వర్గపు కాండ్రైట్‌ను ఊహించుకుందాం. ఇకపై వాయు పరిమాణాలన్నీ ఒక గ్రాము రాయికి 10⁻⁸ ఘన సెంటీమీటర్లలో, ప్రమాణ ఉష్ణోగ్రత, పీడనాల వద్ద ఉన్నాయని భావించండి.

కొలిచిన విలువలు: హీలియం-3 = 28.1; నియాన్-20 = 6.26; నియాన్-21 = 5.80; నియాన్-22 = 6.54.

లెక్క ఈ క్రమంలో సాగుతుంది:

- కొలిచిన నియాన్-20 ÷ నియాన్-22 = 6.26 ÷ 6.54 = 0.957.
- విశ్వకిరణాల నియాన్-22 వాటా = (9.80 − 0.957) ÷ (9.80 − 0.82) = 0.985.
- విశ్వకిరణాల నియాన్-22 = 6.54 × 0.985 = 6.44. మిగిలిన 0.10 గాలిది.
- గాలిలో నియాన్-21, నియాన్-22ల నిష్పత్తి 0.029. కాబట్టి గాలి నియాన్-21 = 0.10 × 0.029 = 0.003.
- విశ్వకిరణాల నియాన్-21 = 5.80 − 0.003 = 5.797.

నియాన్-21 దాదాపు మారకపోవడం గమనించండి. ఇతర వాయువులలో ఆ ఐసోటోపు అతి తక్కువ. విశ్వకిరణ వయస్సుకు నియాన్-21 మొదటి ఎంపిక కావడానికి ముఖ్య కారణం ఇదే. సవరణ నిజంగా పనిచేసింది నియాన్-22 మీద. అది ఎందుకు అవసరమో తర్వాతి దశ చెబుతుంది.

ఆర్గాన్-38 విషయంలోనూ ఇదే పద్ధతి. గాలిలో ఆర్గాన్-36, ఆర్గాన్-38ల నిష్పత్తి సుమారు 5.3; విశ్వకిరణాల భాగంలో సుమారు 0.65. అయితే ఆర్గాన్-38 ఉత్పత్తి కాల్షియం మీద ఎక్కువగా ఆధారపడుతుంది. చిన్న ముక్కలో కాల్షియం సమంగా పంపిణీ కాకపోవచ్చు కనుక, ఆ ముక్క కూర్పునే కొలవకుండా ఆర్గాన్ వయస్సుకు ఎక్కువ విలువ ఇవ్వకండి.

6. కవచ ప్రభావాన్ని అంచనా వేయడం

ఈ మార్గదర్శి మొత్తంలో అత్యంత శ్రద్ధ పెట్టవలసిన దశ ఇది. పోగుపడిన నియాన్‌ను ఏటా పుట్టే నియాన్‌తో భాగిస్తే వయస్సు వస్తుంది. పోగుపడినది కొలిచాం. ఏటా ఎంత పుట్టిందన్నది మాత్రం, ఆ ముక్క చుట్టూ ఎంత రాయి కప్పుగా ఉండేదన్న దానిని బట్టి మారుతుంది.

చాలామంది ఊహించేది ఏమిటంటే, లోపలికి వెళ్లే కొద్దీ ఉత్పత్తి తగ్గుతూ పోతుందని. చిన్న, మధ్యరకపు రాళ్లలో అలా జరగదు. ఉపరితలం నుంచి కొంత లోతు వరకు ద్వితీయ న్యూట్రాన్ల సంఖ్య పెరుగుతుంది కనుక నియాన్-21 ఉత్పత్తి కూడా పెరుగుతుంది. బాగా పెద్ద రాళ్లలోనే, మరింత లోతున అది తగ్గుముఖం పడుతుంది.

ఈ రోజు చేతిలో ఉన్న రాయి పరిమాణం చూసి లోతును ఊహించడం కూడా సరికాదు. వాతావరణంలో ప్రవేశించేటప్పుడు రాయి ద్రవ్యరాశిలో అధికభాగం కరిగి, రాలిపోతుంది. ఇప్పుడు అంచున ఉన్న ముక్క, అంతరిక్షంలో నడిమధ్య ఉండి ఉండవచ్చు.

ఇందుకు రాయిలోనే ఒక కొలబద్ద ఉంది. అది విశ్వకిరణాల నియాన్-22, నియాన్-21ల నిష్పత్తి. మందమైన కప్పు కింద న్యూట్రాన్లు మెగ్నీషియంను పగలగొట్టి నియాన్-21ను ఎక్కువగా పుట్టిస్తాయి. అందువల్ల నిష్పత్తి 1.05 వైపు దిగుతుంది. పలుచని కప్పు కింద అది 1.2కు, ఆపైకి పెరుగుతుంది. సాధారణ కాండ్రైట్లలో 1.11 మధ్యస్థ విలువ.

మన ఉదాహరణలో నిష్పత్తి = 6.44 ÷ 5.797 = 1.111. అంటే మధ్యరకపు కవచం.

ఎల్ వర్గపు కాండ్రైట్లకు ఉల్కాశిలల పరిశోధకుడు ఓటో యూగ్‌స్టర్ 1988లో ఇచ్చిన సూత్రాలు చేతి లెక్కకు ఇప్పటికీ అనుకూలమైనవి. పది లక్షల సంవత్సరాలకు ఉత్పత్తి ఇలా వస్తుంది:

- నియాన్-21 ఉత్పత్తి రేటు = 1.61 ÷ (21.77 × నిష్పత్తి − 19.32)
- హీలియం-3 ఉత్పత్తి రేటు = 2.09 − 0.43 × నిష్పత్తి

మన నిష్పత్తిని ఉంచితే, నియాన్-21 రేటు = 1.61 ÷ 4.866 = 0.331; హీలియం-3 రేటు = 1.612.

హెచ్ వర్గపు రాళ్లలో లోహం ఎక్కువ, మెగ్నీషియం, సిలికాన్ తక్కువ. అందువల్ల వాటి నియాన్-21 రేటును 0.93తో గుణించాలి. కాండ్రైట్లు కాని రాళ్లకు ఈ సూత్రాలను నేరుగా వాడకూడదు. కూర్పును బట్టి రేటును మళ్లీ లెక్కించాలి.

ఒక హెచ్చరిక తప్పనిసరి. నిష్పత్తి సుమారు 1.08 కంటే దిగితే ఈ సూత్రం నమ్మదగినది కాదు. బాగా పెద్ద రాళ్ల లోతులో ఉత్పత్తి రేటు ఎంతో మారినా, నిష్పత్తి మాత్రం కదలకుండా ఉంటుంది. అటువంటి చోట ఎనిమిదవ దశలోని బెరీలియం పద్ధతిని ఆశ్రయించాలి.

7. వయస్సు లెక్క, వెంటనే హీలియంతో పోల్చడం

నియాన్ వయస్సు = 5.797 ÷ 0.331 = 17.5. అంటే 1 కోటి 75 లక్షల సంవత్సరాలు.

హీలియం వయస్సు = 28.1 ÷ 1.612 = 17.4. అంటే 1 కోటి 74 లక్షల సంవత్సరాలు.

రెండూ కలిశాయి. ఉత్పత్తి రేట్లలోనే 10 నుంచి 15 శాతం అనిశ్చితి ఉంటుంది కనుక, ఫలితాన్ని 1 కోటి 75 లక్షలు, అటూ ఇటూ 20 లక్షల సంవత్సరాలు అని రాయడమే నిజాయితీ. దశాంశం తర్వాత మూడు అంకెలు రాయడానికి ఆధారం లేదు.

ఇప్పుడు హీలియం-3 విలువ 28.1 కాకుండా 14 వచ్చిందనుకోండి. హీలియం వయస్సు సగానికి పడిపోతుంది. దాన్ని సగటులో కలిపివేయడం పెద్ద పొరపాటు. హీలియం తేలికైన వాయువు, కొద్దిపాటి వేడికే ఖనిజాల నుంచి జారిపోతుంది. నియాన్ నిలిచి ఉండగా హీలియం పోయిందంటే, రాయి ప్రయాణంలో వేడెక్కిందన్నమాట. బహుశా దాని కక్ష్య సూర్యునికి బాగా దగ్గరగా సాగి ఉండవచ్చు, లేదా దారిలో మరో ఢీకొట్టు జరిగి ఉండవచ్చు. తేడాను దాచకండి, విడిగా రాయండి. ప్రయాణ చరిత్రలో అది ఒక ముఖ్య ఘట్టం.

8. రేడియోధార్మిక ఐసోటోపులతో రెండవ సాక్ష్యం

నియాన్ ఎప్పటికీ తరగదు, అందువల్ల మొత్తం కాలాన్ని చెబుతుంది. బెరీలియం-10, అల్యూమినియం-26 పుడుతూనే క్షీణిస్తాయి, అందువల్ల ఇటీవలి కాలాన్ని చెబుతాయి. ఈ రెండు రకాల సాక్ష్యాలను పక్కపక్కన పెట్టినప్పుడే చరిత్ర కనిపిస్తుంది.

బెరీలియం-10 అర్ధాయువు 13.87 లక్షల సంవత్సరాలు. అల్యూమినియం-26ది సుమారు 7 లక్షలు. ఐదు అర్ధాయువులు గడిచేసరికి పుట్టేది, తరిగేది దాదాపు సమానమై సంతృప్త స్థితి వస్తుంది. బెరీలియంకు ఇందుకు సుమారు 70 లక్షల సంవత్సరాలు, అల్యూమినియంకు 35 లక్షల సంవత్సరాలు పడతాయి.

కొలతకు రాయి పొడిని ఆమ్లంలో కరిగించి, తెలిసిన పరిమాణంలో సాధారణ బెరీలియం, అల్యూమినియం కలిపి, రసాయనికంగా వేరుచేసి, ఆక్సైడులుగా మార్చి, యాక్సిలరేటర్ మాస్ స్పెక్ట్రోమీటర్‌లో (ఋణ అయాన్లను అతివేగంగా పరుగెత్తించి ఒక్కొక్క పరమాణువునూ లెక్కించే యంత్రంలో) లెక్కిస్తారు. బెరీలియం-10కు బోరాన్-10 అడ్డు వస్తుంది. రెండింటి ద్రవ్యరాశి దాదాపు ఒకటే. కనుక రసాయన దశలోనే బోరాన్‌ను వీలైనంత తొలగించాలి. అల్యూమినియం-26కు ఆ బెడద లేదు, ఎందుకంటే దానికి పోటీ అయిన మెగ్నీషియం-26 స్థిరమైన ఋణ అయానుగా మారదు.

ప్రయాణకాలం తక్కువైన రాళ్లకు బెరీలియం ఒక్కటే గడియారంగా పనిచేస్తుంది. ఉదాహరణకు సంతృప్త స్థితిలో కిలోగ్రాముకు నిమిషానికి 20 విఘటనలు (బెరీలియం-10 పరమాణువుల క్షీణతలు) ఉండవలసిన కాండ్రైట్‌లో 12 మాత్రమే ఉన్నాయనుకుందాం. నిష్పత్తి 0.6. మిగిలినది 0.4. దాని సహజ సంవర్గమానం −0.916. కాలాన్ని పది లక్షల సంవత్సరాలలో లెక్కిస్తే, క్షీణత స్థిరాంకం = 0.693 ÷ 1.387 = 0.5. కాబట్టి కాలం = 0.916 ÷ 0.5 = 1.83, అంటే సుమారు 18 లక్షల సంవత్సరాలు. సీఎం వర్గపు కార్బనేషియస్ కాండ్రైట్లలో చాలావాటి ప్రయాణకాలం 20 లక్షల సంవత్సరాలకు లోపే కనుక, అక్కడ ఈ పద్ధతి ఎంతో ఉపయోగపడుతుంది.

కవచం సందేహాస్పదంగా ఉన్న రాళ్లలో నియాన్-21, బెరీలియం-10ల నిష్పత్తిని వాడండి. లోతు మారితే రెండింటి ఉత్పత్తీ దాదాపు ఒకే తీరున మారుతుంది కనుక, భాగించినప్పుడు కవచ ప్రభావం చాలావరకు రద్దవుతుంది. క్రిప్టాన్-81తో చేసే పద్ధతి ఇంకా శ్రేష్ఠం, ఎందుకంటే అక్కడ రేడియోధార్మిక ఐసోటోపు, స్థిర ఐసోటోపు ఒకే మూలకానికి చెందినవి. అయితే స్ట్రాన్షియం, జిర్కోనియం తగినంత ఉన్న యూక్రైట్ల వంటి రాళ్లకే అది బాగా అనువైనది.

9. భూమి మీద గడిచిన కాలాన్ని వేరుచేయడం

పడటం చూసిన రాయికి ఈ దశ అవసరం లేదు. ఎడారిలోనో, అంటార్కిటికా మంచులోనో దొరికిన రాయికి తప్పనిసరి. ఎనిమిదవ దశ ఉదాహరణలో బెరీలియం తక్కువగా ఉండటానికి రెండు కారణాలు ఉండవచ్చు. ప్రయాణం చిన్నదై ఉండవచ్చు, లేదా ప్రయాణం పెద్దదే అయినా రాయి భూమి మీద చాలాకాలం పడి ఉండటంతో బెరీలియం తరిగి ఉండవచ్చు. ఒక్క బెరీలియం కొలత ఈ రెండింటినీ విడదీయలేదు.

ఎడారి రాళ్లకు 5,730 సంవత్సరాల అర్ధాయువు గల కార్బన్-14 సరిపోతుంది. అంటార్కిటికా రాళ్లు లక్షల సంవత్సరాలు మంచులో ఉండగలవు కనుక, వాటికి సుమారు 3 లక్షల సంవత్సరాల అర్ధాయువు గల క్లోరిన్-36ను రాయిలోని లోహపు రేణువులలో కొలుస్తారు. ఉండవలసిన దానిలో సగమే ఉంటే, ఆ రాయి పడి సుమారు 3 లక్షల సంవత్సరాలైందని అర్థం. నియాన్-21 మాత్రం భూమి మీద తరగదు. అందువల్ల నియాన్ వయస్సుకు ఈ సవరణ అక్కరలేదు.

10. ప్రయాణం ఒక్క దశలో సాగిందా అని పరీక్షించడం

ఇప్పటిదాకా చేసిన లెక్కలన్నింటి వెనుక ఒక ఊహ ఉంది. రాయి లోతు నుంచి ఒక్కసారిగా బయటపడి, పరిమాణం మారకుండా భూమిని చేరిందన్నదే ఆ ఊహ. దాన్ని పరీక్షించకుండా వదలకూడదు.

మన ఉదాహరణ రాయి పడటం చూసినదే అనుకుందాం. నియాన్ వయస్సు 1 కోటి 75 లక్షల సంవత్సరాలు. అటువంటప్పుడు అల్యూమినియం-26 ఎప్పుడో సంతృప్త స్థితికి చేరి ఉండాలి. కొలిస్తే 60 శాతమే వచ్చిందనుకోండి. భూమి మీద తరిగిపోయే వ్యవధి లేదు. ఒక్క దశ ప్రయాణం ఈ రెండు కొలతలనూ కలిపి వివరించలేదు.

పొసగే వివరణ ఇది: రాయి చాలాకాలం పెద్ద శకలంలో, కిరణాలు కొద్దికొద్దిగా అందే లోతులో ఉండి నియాన్‌ను పోగుచేసుకుంది, ఆ తర్వాత మరో ఢీకొట్టుతో చిన్న ముక్కగా బయటపడి, అల్యూమినియం సంతృప్తం కాకముందే భూమిని చేరింది. మొదటి దశలో అల్యూమినియం బొత్తిగా లేదనుకుంటే, 60 శాతానికి చేరడానికి దాదాపు 9 లక్షల సంవత్సరాలు పడుతుంది. మొదటి దశలో కొంత ఉండి ఉంటే రెండవ దశ అంతకంటే చిన్నది. అంటే 9 లక్షలు గరిష్ఠ పరిమితి.

ఇది ఊహాజనితమైన పరిస్థితి కాదు. 1976 మార్చి 8న చైనాలో పడిన జిలిన్ ఉల్కాశిల ఇటువంటిదే. దాని అతిపెద్ద ముక్క ఒక్కటే 1,770 కిలోగ్రాములు. అనేక ఐసోటోపుల కొలతలు కలిపి చూసినప్పుడు, అది మొదట మాతృశకలపు ఉపరితలం కింద లక్షల సంవత్సరాలపాటు ఒక వైపు నుంచి మాత్రమే కిరణాలను అందుకుందని, చివరి సుమారు 4 లక్షల సంవత్సరాలు మాత్రమే స్వతంత్ర శకలంగా అన్ని వైపుల నుంచీ అందుకుందని తేలింది. నియాన్ ఒక్కదానితో ఆగిపోయి ఉంటే, వచ్చిన సంఖ్య ఈ రెండు దశలలో దేనికీ చెందేది కాదు.

11. తరచుగా జరిగే పొరపాట్లు, వాటి సవరణలు

నియాన్-20, నియాన్-22ల నిష్పత్తి 2 దాటినా లెక్క కొనసాగించడం. విశ్వకిరణేతర నియాన్ ఎక్కువైనప్పుడు నియాన్-22 సవరణలోని చిన్న తప్పు కవచ నిష్పత్తిని చెడగొడుతుంది. లేత రంగు భాగం నుంచి మరో ముక్క తీసి మళ్లీ కొలవాలి. అది వీలుకాకపోతే వాయువును ఒక్కసారిగా కాక, ఉష్ణోగ్రతను మెట్లుమెట్లుగా పెంచుతూ వెలికితీయాలి.

తుప్పు పట్టిన రాయిని బరువు సరిదిద్దకుండా వాడటం. లోహం ఆక్సిజన్‌ను, నీటిని కలుపుకొని బరువెక్కుతుంది. గ్రాముకు లెక్కించే వాయు పరిమాణం తగ్గినట్లు కనిపిస్తుంది.

వేర్వేరు కాలాల సూత్రాలతో వచ్చిన వయస్సులను పోల్చడం. ఉత్పత్తి రేట్లు కాలక్రమేణా సవరణకు లోనయ్యాయి. పాత పత్రం నుంచి వయస్సును కాక, వాయు కొలతలను తీసుకొని, ఒకే సూత్రంతో తిరిగి లెక్కించండి. శ్రమ అనిపించినా ఇందుకు ప్రత్యామ్నాయం లేదు.

ఇనుప ఉల్కలకు రాతి ఉల్కల రేట్లు వాడటం. ఇనుప ఉల్కలో మెగ్నీషియం, సిలికాన్ లేవు. నియాన్ చాలా తక్కువగా పుడుతుంది, పుట్టే మార్గమూ వేరు. వాటికి ప్రత్యేక పద్ధతులున్నాయి.

వయస్సులు కలిశాయి కనుక రెండు రాళ్లూ ఒకే ఉల్కకు చెందినవనడం. ఒకే ఢీకొట్టులో విడిపోయి, వేర్వేరు కాలాల్లో పడిన రాళ్లకు కూడా విశ్వకిరణ వయస్సు ఒకటే ఉంటుంది. భూమి మీద గడిచిన కాలం, రాతి వర్గం, దొరికిన చోటు కూడా కలవాలి.

12. ఫలితాన్ని ఇతర ఉల్కలతో పోల్చి రాయడం

పోలిక కోసం కొన్ని విలువలు దగ్గర పెట్టుకోండి. హెచ్ వర్గపు కాండ్రైట్లలో చాలావాటి విశ్వకిరణ వయస్సు 70–80 లక్షల సంవత్సరాల దగ్గర గుమికూడుతుంది. ఒకే పెద్ద ఢీకొట్టు వాటిని ఒకేసారి విడుదల చేసిందనడానికి అది బలమైన సూచన. ఎల్‌ఎల్ వర్గంలో అటువంటి గుంపు 1.5 కోట్ల సంవత్సరాల దగ్గర ఉంది. 2013 ఫిబ్రవరి 15న రష్యాలో పడిన చెల్యాబిన్స్క్ ఉల్క ఎల్‌ఎల్ వర్గానిదే అయినా, దాని వయస్సు సుమారు 12 లక్షల సంవత్సరాలు మాత్రమే. అంగారకుడి నుంచి వచ్చిన నఖ్లైట్లు అనే ఉల్కలు సుమారు 1.1 కోట్ల సంవత్సరాల క్రితం అక్కడి నుంచి ఎగిరాయి. ఇనుప ఉల్కలు గట్టివి కనుక ఢీకొట్టులను తట్టుకొని పదుల కోట్ల సంవత్సరాలు తిరుగుతాయి.

మన ఉదాహరణ రాయి ఎల్ వర్గానిది. దాని 1.75 కోట్ల సంవత్సరాలు ఎల్‌ఎల్ గుంపుకు దగ్గరగా ఉన్నాయని ఆ రెండింటికీ చుట్టరికం కలపకూడదు. వర్గం వేరైతే మాతృశకలమే వేరు. పోలిక ఎప్పుడూ ఒకే వర్గంలోపల జరగాలి.

రాతపత్రంలో ఉండవలసినవి:

- సవరణలకు ముందు కొలిచిన వాయు పరిమాణాలన్నీ, ఖాళీ పరీక్ష విలువలతో సహా.
- విశ్వకిరణ భాగాన్ని వేరుచేయడానికి వాడిన నిష్పత్తులు.
- కవచ నిష్పత్తి, వాడిన ఉత్పత్తి సూత్రం, అది ప్రతిపాదించిన సంవత్సరం.
- హీలియం, నియాన్, ఆర్గాన్ వయస్సులు సగటు చేయకుండా విడివిడిగా, అనిశ్చితులతో.
- రేడియోధార్మిక ఐసోటోపుల విలువలు, అవి ఒక్క దశ ప్రయాణంతో పొసగుతున్నాయా అన్న నిర్ణయం.
- ముక్కను రాయిలో ఏ చోటి నుంచి తీశారో చూపే బొమ్మ, ఛాయాచిత్రం.

కోయగా మిగిలిన పొడిని, చిన్న ముక్కలను పారవేయకండి. రాయి పేరు, ముక్క సంఖ్య, పైపొర నుంచి లోతు, తీసిన తేదీ రాసిన చీటీతో పొడి సీసాలో మూసి ఉంచండి. ఉత్పత్తి రేట్లు మళ్లీ సవరించినప్పుడు పట్టికలోని సంఖ్యలతోనే లెక్క తిరిగి చేయవచ్చు. కానీ అల్యూమినియం-26ను మరోసారి కొలవాలనుకున్నప్పుడు, అదే చోటి నుంచి తీసిన ఆ పొడి తప్ప మరేదీ పనికిరాదు.